అగరొత్తి పొగ నీలం, ఇడ్లీ ఆవిరి తెలుపు: గాలిలోని నలకలు వెలుగును ఏం చేస్తాయి?

క్లుప్తంగా: చలికాలం వచ్చిందంటే ఉత్తర భారతం ఎర్రగా కనిపించే ఉపగ్రహ పటాలు ఫోన్లలో తిరుగుతుంటాయి. ఆ ఎరుపు వేడికి గుర్తు కాదు, మనం పీల్చే విషానికి నేరు కొలత కూడా కాదు. నేల నుంచి వాతావరణం పై అంచు దాకా ఉన్న కణాలు ఎండలో ఎంత భాగాన్ని పక్కకు చిమ్మో, మింగో ఆపాయో చెప్పే లెక్క అది. ఈ కణాల ప్రభావం తేల్చడంలో బరువు కంటే వాటి సైజు, రంగు, అవి తేలే ఎత్తు ముఖ్యం. గ్రాము మసి గాలిని వేడెక్కిస్తే, గ్రాము సల్ఫేటు నేలను చల్లబరుస్తుంది. గాలిని శుభ్రం చేసే నిర్ణయాలకు ఉష్ణోగ్రతతో లంకె పడేది ఇక్కడే.

ఒకే ఇంట్లో రెండు పొగలు

దేవుడి గదిలో అగరొత్తి వెలిగించి, వెనక చీకటి మూల ఉండేలా చూస్తే పొగ సన్నగా, నీలంగా కనిపిస్తుంది. అదే పొగ మీద కిటికీలోంచి ఎండ పడనిచ్చి, అవతలి తెల్లగోడ మీద దాని నీడ చూడండి. నీడ నల్లగా ఉండదు, లేత గోధుమరంగులోకి తిరుగుతుంది. వంటింట్లో ఇడ్లీ పాత్ర మూత తీస్తే లేచే ఆవిరి మాత్రం పక్క నుంచి ఎలా చూసినా తెల్లగానే ఉంటుంది.

తేడా అంతా కణం సైజులో ఉంది. కంటికి కనిపించే వెలుగు తరంగదైర్ఘ్యం 0.4 నుంచి 0.7 మైక్రోమీటర్లు. తల వెంట్రుక మందం సుమారు 70 మైక్రోమీటర్లు అనుకుంటే, అందులో నూరో వంతుకు మించదు. అగరొత్తి పొగలోని కణాలు చాలావరకు వెలుగు తరంగం కంటే చిన్నవి. అంత చిన్న కణాలు ఎరుపు కంటే నీలాన్ని ఎక్కువగా పక్కలకు చిమ్ముతాయి. పక్క నుంచి చూసేవాడికి ఆ చిమ్మిన నీలం కనిపిస్తుంది. నీలం పోగా మిగిలినది గోడ మీద గోధుమరంగుగా పడుతుంది. ఇడ్లీ ఆవిరిలోని నీటి బొట్లు తరంగం కంటే ఎన్నో రెట్లు పెద్దవి. వాటికి నీలం, ఎరుపు అన్న తేడా లేదు, అన్నిటినీ సమానంగా చిమ్ముతాయి. అందుకే తెలుపు.

బీడీ పొగలోనూ ఇది కనిపిస్తుంది. కాలే కొసన లేచే పొగ నీలంగా ఉంటే, నోట్లోంచి వదిలిన పొగ తెల్లబడి వస్తుంది. లోపలి తేమను పట్టుకుని కణాలు ఉబ్బుతాయి కనుక.

గాలిలో తేలే ఇలాంటి ఘన, ద్రవ కణాలన్నిటినీ కలిపి ఏరోసాల్స్ అంటారు. ఎడారి ధూళి, సముద్రపు ఉప్పు, మసి, పొగ, గంధకం వాయువు నుంచి పుట్టే సల్ఫేటు, వాహనాలూ ఎరువుల నుంచి వచ్చే నైట్రేటు, పుప్పొడి అన్నీ ఇందులోవే. కొన్ని నానోమీటర్ల నుంచి పదుల మైక్రోమీటర్ల దాకా ఉంటాయి. గోళాకారపు కణం మీద పడిన వెలుగు ఎటు, ఎంత చిమ్ముతుందో లెక్కగట్టే సూత్రాలను జర్మన్ భౌతిక శాస్త్రవేత్త గుస్తావ్ మీ 1908లో ఇచ్చారు. నేటి ఉపగ్రహ లెక్కలకూ పునాది అదే. ధూళి కణాలు గుండ్రంగా ఉండవు కాబట్టి వాటి దగ్గర ఆ సూత్రాలకు సవరణలు చేయాల్సి వస్తుంది.

వెలుగుకు పడే కోత

పటాల్లో రంగులుగా కనిపించే సంఖ్య పేరు ఏరోసాల్ ఆప్టికల్ డెప్త్, పొట్టిగా ఏఓడీ. దానికి యూనిట్ లేదు. సూర్యుడు నడినెత్తిన ఉన్నప్పుడు ఏఓడీ 0.1 అయితే నేరుగా వచ్చే కిరణాల్లో సుమారు 90 శాతం ఈ కణాలను దాటి నేలకు చేరతాయి. 0.5 అయితే 61 శాతం, 1 అయితే 37 శాతం, 2 అయితే 14 శాతం. అంటే సంఖ్య రెట్టింపైతే కోత రెట్టింపు కాదు. మిగిలిన దాంట్లోంచి మళ్లీ అదే నిష్పత్తిలో కోస్తూ పోతుంది. సూర్యుడు వాలితే దారి పొడవు పెరుగుతుంది. ఆకాశంలో 30 డిగ్రీల ఎత్తున ఉంటే కిరణం రెట్టింపు గాలిని దాటాలి. మధ్యాహ్నం 61 శాతం వచ్చిన చోట అప్పుడు 37 శాతమే వస్తుంది.

కోత పడిన వెలుగంతా పోయినట్టు కాదు. చాలా భాగం చెదిరి, ఆకాశం నలుమూలల నుంచి కిందికే వస్తుంది. అందుకే మసక రోజున ఆకాశం తెల్లగా వెలవెలబోతుంది, మనిషి నీడ అంచులు చెరిగిపోతాయి, అయినా పట్టపగలు చీకటి పడదు. ఇంటి కప్పు మీది సోలార్ ప్యానెల్ ఈ చెదిరిన వెలుగును కొంత వాడుకోగలదు. అద్దాలతో ఎండను ఒకచోటికి గురిపెట్టే సౌర ప్లాంట్లకు అది పనికిరాదు. వాటికి నేరు కిరణమే కావాలి.

కొలిచే పద్ధతి వినడానికి సులువే. సూర్యుడి వైపు గురిపెట్టిన సన్నని గొట్టంలాంటి పరికరం, అంటే సన్ ఫోటోమీటర్, వేర్వేరు రంగుల్లో ఎంత ఎండ వస్తోందో కొలుస్తుంది. అసలు గాలే లేకపోతే ఎంత రావాలో తెలిస్తే తేడా దొరుకుతుంది. చిక్కల్లా ఆ 'గాలి లేకపోతే' అన్న దగ్గరే. అందుకోసం ప్రామాణిక పరికరాలను హవాయిలో సుమారు 3,400 మీటర్ల ఎత్తున ఉన్న మౌనా లోవా లాంటి స్వచ్ఛమైన చోట్లకు తీసుకెళ్తారు. పొద్దు ఎక్కేకొద్దీ ఎండ ఎలా మారుతుందో గీత గీసి, ఆ గీతను గాలి మందం సున్నా అయ్యే బిందువు దాకా పొడిగిస్తారు.

నాసా 1990లలో మొదలుపెట్టిన ఏరోనెట్ అనే నెట్‌వర్క్‌లో ఇలాంటి పరికరాలు ప్రపంచమంతా వందల చోట్ల ఉన్నాయి. మన దేశంలో కాన్పూర్ ఐఐటీలోని కేంద్రం 2001 నుంచి కొలతలు ఇస్తోంది. ఇస్రో దారి అంతకంటే పాతది. 1980లలోనే తిరువనంతపురంలోని స్పేస్ ఫిజిక్స్ ల్యాబొరేటరీ సొంతంగా మల్టీ వేవ్‌లెంగ్త్ రేడియోమీటర్లతో పని మొదలుపెట్టింది. అదే పెరిగి 'ఆర్ఫి' నెట్‌వర్క్ అయింది. అందులో విశాఖపట్నం, అనంతపురం, హైదరాబాద్ కేంద్రాలూ ఉన్నాయి. తీరం, పొడినేల, మహానగరం అనే మూడు రకాల గాలి తెలుగు నేల మీదే కొలతకు దొరకడం పరిశోధకులకు కలిసొచ్చిన విషయం.

ఏఓడీ ఒక్కటే చాలదు

ఎంత కోత పడిందో ఏఓడీ చెబుతుంది, ఎవరు కోశారో చెప్పదు. దానికి ఇంకో రెండు సంఖ్యలు కావాలి.

మొదటిది స్వీడన్ శాస్త్రవేత్త ఆండర్స్ ఆంగ్‌స్ట్రామ్ 1929లో ప్రతిపాదించిన ఘాతాంకం. నీలం దగ్గర కోత, ఎరుపు దగ్గర కోత పోల్చి చూస్తారు. నీలానికి బాగా ఎక్కువ కోత పడితే ఈ సంఖ్య 1.5 దాటుతుంది. అంటే అగరొత్తి తరహా సన్నని కణాలు: పొగ, సల్ఫేటు, వాహనాల కాలుష్యం. రెండు రంగులకూ దాదాపు సమానంగా పడితే సంఖ్య సున్నాకు దగ్గరవుతుంది, అవి ధూళి, సముద్రపు ఉప్పు. ఢిల్లీ మీద మే నెలలోనూ నవంబరులోనూ ఏఓడీ ఒకేలా ఉన్నా, ఒకటి థార్ ఎడారి దుమ్మనీ రెండోది పొగ అనీ విడదీసేది ఈ చిన్న సంఖ్యే.

రెండోది కణం చేతికి చిక్కిన వెలుగులో ఎంత చిమ్మి వదిలేస్తుంది, ఎంత మింగుతుంది అనే నిష్పత్తి. సింగిల్ స్కాటరింగ్ ఆల్బెడో అనే ఈ సంఖ్య 1 అయితే కణం ఏమీ మింగదు. సల్ఫేటు, ఉప్పు దాదాపు 1 దగ్గరే ఉంటాయి. తాజా మసికి ఇది 0.2 నుంచి 0.3 మాత్రమే, చిక్కినదాంట్లో ముప్పాతిక వంతు మింగేస్తుంది. ఉత్తర భారతపు చలికాలం గాలిలా అన్నీ కలిసిన మిశ్రమంలో సంఖ్య 0.9 అటూ ఇటూ తేలుతుంది. 1కి తగ్గిన ఈ పదో వంతే మొత్తం కథను తలకిందులు చేయగలదు. అది ఎలాగో కింద చూద్దాం.

గ్రాముల్లో చూస్తే తేడా ఇంకా స్పష్టం. గ్రాము మసిని గాలిలో చెదరగొడితే, 7.5 చదరపు మీటర్ల అడ్డు తెర ఆపగలిగినంత వెలుగును మింగుతుంది. మన కొలతల్లో అది 80 చదరపు అడుగులు, ఒక చిన్న గది నేలంత. గ్రాము ఎడారి ధూళి మొత్తం కలిపి ఆపేది ఒక చదరపు మీటరు కూడా ఉండదు. ధూళి కణాలు పెద్దవి; బరువంతా లోపల ఉండిపోతుంది, వెలుగుకు తగిలేది పైతొడుగే. గాలిలోకి టన్నుల లెక్కన అన్నిటికంటే ఎక్కువ చేరేవి సముద్రపు ఉప్పు, ఎడారి ధూళి. అయినా కాలుష్యం చర్చలో సన్నని కణాలదే పెత్తనం కావడానికి కారణం ఇదే. పైగా పెద్ద కణాలు గంటల్లో, రోజుల్లో రాలిపోతాయి. 0.1 నుంచి 1 మైక్రోమీటరు మధ్య ఉన్నవి అంత తేలిగ్గా రాలవు. వాన కడిగేదాకా వారం దాకా తిరుగుతాయి. వెలుగును బాగా చిమ్మే సైజూ సరిగ్గా అదే. ఊపిరితిత్తుల లోతుకు చేరే సైజూ అదే.

వీటన్నిటి మీదా తేమ ప్రభావం ఉంటుంది. ఉప్పు డబ్బా మూత వానాకాలంలో తెరిచి ఉంచితే ఏమవుతుందో, గాలిలోని ఉప్పు కణానికీ అదే అవుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటగానే నీటిని పీల్చి చుక్కగా మారుతుంది. అమ్మోనియం సల్ఫేటుకు ఆ గీత 80 శాతం దగ్గర ఉంటుంది. మసికి, పొడి ధూళికి ఆ బలహీనత తక్కువ. తెల్లవారుజామున తేమ పెరిగి కణాలు ఉబ్బడంతో, నిన్న సాయంత్రం ఉన్న కాలుష్యమే పొద్దున్నే రెట్టింపు మసకగా కనిపించవచ్చు. కొత్తగా పొగ చేరకపోయినా సరే.

ప్రపంచ పటం మీద ఒక చుట్టు

ఏడాది సగటున భూగోళం మొత్తానికి ఏఓడీ 0.15 దరిదాపుల్లో ఉంటుంది. ఆ సగటు వెనక అసమానత చాలా ఉంది. ఎడారులు, జనం, పరిశ్రమలు ఎక్కువగా ఉత్తరార్ధగోళంలోనే ఉన్నాయి. దక్షిణార్ధగోళం దానికంటే బాగా తేటగా ఉంటుంది. అంటార్కిటికా చుట్టూ ఉన్న సముద్రం మీద తుఫాను గాలులు లేపే ఉప్పు తుంపర తప్ప పెద్దగా ఏమీ ఉండదు.

అన్నిటికంటే పెద్ద ధూళి పట్టీ పశ్చిమ ఆఫ్రికా నుంచి అరేబియా, ఇరాన్, థార్ మీదుగా మధ్య ఆసియా దాకా సాగుతుంది. అందులో ఒక్క చోటు గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. చాద్ దేశంలోని బొడేలే పల్లం ఒకప్పుడు పెద్ద సరస్సు అడుగు. సరస్సు ఎండిపోయాక, అందులో బతికిన సూక్ష్మజీవుల పెంకులు తెల్లటి తేలికైన మన్నుగా మిగిలాయి. ఉత్తరాన టిబెస్తి, తూర్పున ఎన్నెడి అనే రెండు ఎత్తైన ప్రాంతాల మధ్య సందులో గాలి ఒత్తుకుని వేగం పుంజుకుంటుంది. తేలికైన మన్ను, గొట్టంలోంచి వచ్చినట్టు గాలి: రెండూ ఒకేచోట కుదరడంతో ప్రపంచంలో అతిపెద్ద ఏకైక ధూళి వనరుగా మారింది. సహారా నుంచి ఏటా సగటున 18 కోట్ల టన్నులకు పైగా ధూళి అట్లాంటిక్ మీదికి వెళ్తుందనీ, అందులో 2.7 కోట్ల టన్నులకు పైగా అమెజాన్ అడవుల మీద రాలుతుందనీ ఉపగ్రహ లేజర్ కొలతలతో 2015లో అంచనా వేశారు. దాంతోపాటు చేరే ఫాస్ఫరస్ సుమారు 22 వేల టన్నులు. వానలకు అడవి కోల్పోయే ఫాస్ఫరస్‌కు అది దాదాపు సరిపోతుంది. ఒక ఖండంలోని ఎడారి ఇంకో ఖండంలోని అడవికి ఎరువు పంపుతోందన్నమాట.

పొగ పటం ఋతువులతో కదులుతుంది. ఆఫ్రికాలో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా భూమధ్యరేఖకు ఉత్తరాన, జూన్ నుంచి సెప్టెంబరు దాకా దక్షిణాన గడ్డిభూములు కాలుతాయి. అమెజాన్ అంచుల వంతు ఆగస్టు నుంచి అక్టోబరు. ఇండోనేసియాలో, పసిఫిక్ సముద్రం వేడెక్కే ఎల్‌నినో ఏళ్లలో నేలలోని పీట్ పొరలు, అంటే కుళ్లిన మొక్కల పొరలు, నెలల తరబడి రాజుకుంటాయి. 1997, 2015లలో అలాగే జరిగి, ఆ పొగ పొరుగు దేశాలనూ కమ్మింది.

పారిశ్రామిక మసక పటం మాత్రం ఏళ్లతో కదిలింది. ఐరోపా, ఉత్తర అమెరికాల్లో 1980ల తర్వాత తేటపడుతూ వచ్చింది. తూర్పు చైనా మీద పేరుకుని, 2013లో అక్కడ కఠిన చర్యలు మొదలయ్యాక గణనీయంగా తగ్గింది. దక్షిణాసియా మీద మాత్రం ఈ శతాబ్దంలో పెరిగింది.

గంగా మైదానం, విశాఖ తీరం

దక్షిణాసియాలో మసక ఎక్కువగా ఉండటానికి పొయ్యిలు, పొగగొట్టాలు ఎంత కారణమో నేల ఆకారం కూడా అంతే కారణం. గంగా మైదానానికి ఉత్తరాన హిమాలయాల గోడ ఉంది. చలికాలంలో నేల చల్లబడి, దాని మీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. గాలి కలిసే ఎత్తు కొన్ని వందల మీటర్లకు పడిపోతుంది. ఇటుక బట్టీలు, థర్మల్ ప్లాంట్లు, కట్టెల పొయ్యిలు, వాహనాలు, అక్టోబరు, నవంబరుల్లో పంజాబ్, హర్యానాల్లో తగలబెట్టే వరి కొయ్యకాళ్లు, అన్నిటి పొగా ఆ మూత కిందే. వేసవిలో మూత లేచిపోతుంది గానీ పడమర నుంచి ధూళి దిగుతుంది.

ఆ గాలి అక్కడే ఆగదు. శీతాకాలపు గాలులు దాన్ని బెంగాల్ మీదుగా బంగాళాఖాతంలోకి తోస్తాయి. అందులో కొంత ఒడిశా, ఉత్తరాంధ్ర తీరం వెంట కిందికి దిగుతుంది. విశాఖ సంగతి ఇంకొంచెం వేరు. నగరం మూడు వైపులా కొండలు, ఒకవైపు సముద్రంతో గిన్నెలా ఉంటుంది. పగలు సముద్రపు గాలి, రాత్రి నేల గాలి వస్తూ పోతూ సొంత పరిశ్రమల పొగను కొంత అక్కడక్కడే తిప్పుతాయి. భోగి నాటి తెల్లవారుజామున చలి, తేమ, మంటల పొగ మూడూ కలిసినప్పుడు మసక ఎలా ఉంటుందో తెలుగు ఊళ్లలో ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. దక్కన్ మీద పరిస్థితి కాస్త నయం. నేల ఎత్తుగా ఉంటుంది, గాలికి అడ్డుగోడలు లేవు, ఉత్తరాది పొగ అక్కడికి చేరేసరికి పలచబడుతుంది.

దక్షిణాసియా మసక సముద్రం మీదికి ఎంత దూరం పోతుందో ప్రపంచానికి తెలిసింది 1999లో. వీరభద్రన్ రామనాథన్, పాల్ క్రూట్జెన్ నాయకత్వంలో 'ఇండోఎక్స్' పేరుతో ఓడలు, విమానాలు, మాల్దీవుల్లోని కాశిధూ కేంద్రం కలిపి జనవరి నుంచి మార్చి దాకా కొలిచారు. తీరానికి వందల కిలోమీటర్ల దూరంలో, మనుషులే లేని సముద్రం మీద మసి కలిసిన గోధుమరంగు పొర దొరికింది. సముద్రాన్ని తాకే ఎండలో చెప్పుకోదగ్గ కోత పడుతోందని తేలింది. 'ఏషియన్ బ్రౌన్ క్లౌడ్' అన్న పేరు అప్పుడే పుట్టింది. పేరులో ఒక ఖండాన్నే వేలెత్తి చూపడం మీద భారత్ నుంచి అభ్యంతరాలు వచ్చాయి, తర్వాత 'ఏషియన్' స్థానంలో 'అట్మాస్ఫెరిక్' అని మార్చారు. అభ్యంతరంలో న్యాయం లేకపోలేదు, ఇలాంటి పొరలు ఇతర ఖండాల మీదా ఉన్నాయి.

పటం ఎర్రగా ఉంటే ఏక్యూఐ పెరిగినట్టేనా?

అయోమయం ఎక్కువగా ఇక్కడే. ఏఓడీ నేల నుంచి ఆకాశం దాకా నిలువుగా ఉన్న గాలి మొత్తానికి లెక్క. ఏక్యూఐ, అంటే గాలి నాణ్యత సూచీ, ముక్కు దగ్గరి గాలికి లెక్క. రెండింటికీ సంబంధం ఉంది, కానీ మధ్యలో ఎత్తు దూరుతుంది.

ఒక చిన్న లెక్క చూద్దాం. ఒక ఊరి మీద నిర్దిష్ట మొత్తంలో కాలుష్యం ఉందనుకుందాం. జనవరి రాత్రి అది 300 మీటర్ల ఎత్తు లోపలే ఇరుక్కుంది. మే మధ్యాహ్నం 3,000 మీటర్ల దాకా కలిసిపోయింది. పై నుంచి చూసే ఉపగ్రహానికి రెండు రోజులూ దాదాపు ఒకటే. కింద ఊపిరి పీల్చేవాడికి జనవరిలో పది రెట్లు ఎక్కువ. ఢిల్లీలో ఏఓడీ జూన్, జూలైలలో కూడా ఎక్కువగా ఉంటుంది: పైన ధూళి, తేమకు ఉబ్బిన కణాలు. అదే జూలై, ఆగస్టులలో నేల దగ్గరి పీఎం 2.5, అంటే 2.5 మైక్రోమీటర్లకు మించని సన్నని కణాల మోతాదు, ఏడాదిలోకెల్లా తక్కువకు పడిపోతుంది. పటం చూసి మాస్కు పెట్టుకోవాలా వద్దా అని తేల్చుకోవడం అంత సరైన పద్ధతి కాదు.

పటానికి ఇంకొన్ని పరిమితులున్నాయి. 1999 డిసెంబరులో వెళ్లిన టెర్రా, 2002లో వెళ్లిన ఆక్వా ఉపగ్రహాల మీది మోడిస్ పరికరం, నేల నుంచి వచ్చే వెలుగులోంచి కణాల వెలుగును విడదీసి చూడాలి. సముద్రం, అడవి ముదురుగా ఉంటాయి కాబట్టి వాటి మీద మసక తేలిగ్గా దొరుకుతుంది. తెల్లటి ఇసుక మీద తెల్లటి ధూళిని పట్టుకోవడం, తెల్ల పంచె మీద సున్నం మరక వెతకడం లాంటిది. ఎడారి నేల ముదురుగా కనిపించే నీలిరంగు పట్టీలో చూసే పద్ధతి తర్వాత వచ్చింది. మబ్బు పడితే ఏ పద్ధతీ పనిచేయదు. అందుకే నైరుతి ఋతుపవనాల నెలల్లో మన పటాలు చిల్లులు పడ్డట్టు ఉంటాయి. ఎత్తు సంగతి తేల్చడానికి లేజర్ కావాలి. 2006 నుంచి 2023 దాకా కాలిప్సో ఉపగ్రహం ఆ పని చేసింది. 2024 మేలో వెళ్లిన ఎర్త్‌కేర్‌లోనూ లేజర్ ఉంది.

చల్లదనమా, వేడా?

కణాల పొర వేడెక్కిస్తుందా చల్లబరుస్తుందా అన్నది కణాన్ని చూసి మాత్రమే చెప్పలేం. కింద ఏముందో కూడా చూడాలి. ముదురు సముద్రం ఎండను చాలావరకు మింగుతుంది. దాని మీద పొగ తేలితే కొంత ఎండ వెనక్కి పోతుంది, మొత్తం మీద చల్లదనం. అదే పొగ తెల్లటి మబ్బు మీద తేలితే, మబ్బు వెనక్కి పంపాల్సిన ఎండను పొగ మింగుతుంది, మొత్తం మీద వేడి. ఇది ఊహ కాదు. ఏటా ఆఫ్రికా దక్షిణ భాగంలో కాలే గడ్డి పొగ అంగోలా, నమీబియా తీరాల పక్కన అట్లాంటిక్ మీద పరుచుకున్న మబ్బుల పైకి చేరుతుంది. మబ్బులున్న చోట ఒక ఫలితం, మబ్బుల మధ్య ఖాళీల్లో ఇంకో ఫలితం. పైన చెప్పిన 0.9 సంఖ్య ఇలాంటి చోట కీలకం. మంచు మీద మసి రాలితే వేరే చెప్పక్కర్లేదు. తెల్లటి నేల కాస్త నల్లబడ్డా ఎండను ఎక్కువగా తాగి కరుగుతుంది. హిమాలయాల విషయంలో ఉన్న ఆందోళన అదే.

ఎంత ఎత్తుకు చేరింది, అక్కడికి ఏం చేరింది అన్నవి ఎంత ముఖ్యమో చెప్పడానికి రెండు అగ్నిపర్వతాలు చాలు. 1991 జూన్‌లో ఫిలిప్పీన్స్‌లోని పినటుబో 1.5 నుంచి 2 కోట్ల టన్నుల సల్ఫర్ డయాక్సైడ్‌ను మబ్బుల కంటే పైన ఉండే స్ట్రాటోస్ఫియర్ పొరలోకి విసిరింది. అక్కడ వాన లేదు, కడిగేవాడు లేడు. సల్ఫేటు పొర రెండేళ్ల దాకా భూమిని చుట్టి, ప్రపంచ సగటు ఉష్ణోగ్రతను సుమారు అర డిగ్రీ తగ్గించింది. 2022 జనవరిలో టోంగా దగ్గర సముద్రంలో పేలిన హుంగా అగ్నిపర్వతం పేలుడు శక్తిలో దానికి దీటైనదే. కానీ పైకి పంపిన సల్ఫర్ డయాక్సైడ్ సుమారు ఐదు లక్షల టన్నులే. బదులుగా సుమారు 14.6 కోట్ల టన్నుల నీటి ఆవిరిని పంపి, స్ట్రాటోస్ఫియర్‌లోని తేమను ఒక్కసారిగా పదో వంతు పెంచింది. పినటుబో స్థాయి చల్లదనం రాలేదు.

మనుషుల వల్ల చేరిన కణాల మొత్తం ప్రభావాన్ని ఐక్యరాజ్యసమితి వాతావరణ నిపుణుల బృందమైన ఐపీసీసీ ఆరో నివేదిక చదరపు మీటరుకు మైనస్ 1.1 వాట్లుగా లెక్కగట్టింది (మైనస్ అంటే చల్లదనం, ప్లస్ అంటే వేడి). పరిధి మైనస్ 1.7 నుంచి మైనస్ 0.4 దాకా. పోలికకు, 1750 నుంచి పెరిగిన కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే ప్లస్ 2.16 వాట్లు. అంటే కార్బన్ డయాక్సైడ్ వేడిలో ఐదింట నాలుగు వంతుల దాకా ఈ మసక కప్పిపెడుతూ ఉండొచ్చు, లేదా ఐదో వంతే కావచ్చు. భూమిని వేడెక్కించే, చల్లబరిచే మానవ కారణాల లెక్కల్లో ఇంత వెడల్పైన అనిశ్చితి ఇంకెక్కడా లేదు.

మబ్బుల దగ్గర ముడి

ఆ అనిశ్చితిలో ఎక్కువ భాగం మబ్బులది. నీటి ఆవిరి ఉత్తినే బొట్టుగా మారదు, పట్టుకోవడానికి ఒక కణం కావాలి. కణాలు ఎక్కువైతే అదే నీరు ఎక్కువ బొట్లుగా, చిన్న బొట్లుగా పంచుకుంటుంది. చిన్న బొట్ల మబ్బు ఎక్కువ తెల్లగా ఉంటుంది. సీన్ ట్వోమీ 1970లలో వివరించిన ప్రభావం ఇది. చిన్న బొట్లు కలిసి వానగా రాలడం కూడా కష్టమే.

ఇది కంటికి కనిపించేది ఓడల దారుల్లో. ఓడ పొగగొట్టం నుంచి వచ్చే సల్ఫేటు సముద్రపు పలచటి మబ్బుల మీద తెల్లటి చారలు గీస్తుంది. ఉపగ్రహ ఫోటోల్లో ముగ్గు గీతల్లా ఉంటాయి. 2020 జనవరి 1 నుంచి ఓడల ఇంధనంలో గంధకం పరిమితిని అంతర్జాతీయ సముద్ర సంస్థ 3.5 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గించింది. తీర ప్రాంతాల గాలి కోసం తెచ్చిన నిబంధన అది. చారలు వెంటనే పలచబడ్డాయి. 2023లో ప్రపంచ ఉష్ణోగ్రత రికార్డు బద్దలుకొట్టినప్పుడు ఇందులో ఈ నిబంధన వాటా ఎంత అన్న చర్చ మొదలైంది. కొంత వాటా ఉందన్న దగ్గర పెద్దగా భేదం లేదు, ఎంత అన్నదాని మీదే వాదన. ఎల్‌నినో కూడా అదే ఏడాది రావడంతో రెండింటినీ విడదీయడం కష్టమైంది.

గాలి శుభ్రపడితే

కార్బన్ డయాక్సైడ్ ఒకసారి గాలిలో చేరితే కొంత భాగం శతాబ్దాలు ఉంటుంది. ఏరోసాల్స్ వారంలో రాలిపోతాయి. ఒకే బొగ్గు కుప్ప నుంచి రెండూ వస్తాయి గానీ, ప్లాంటు మూస్తే చల్లబరిచేది వెంటనే పోతుంది, వేడి చేసేది మిగులుతుంది. కాలుష్యాన్ని ఉంచుకోవడం మేలన్న వాదన మాత్రం దీని నుంచి రాదు. పీఎం 2.5 వల్ల పోయే ప్రాణాల లెక్క ముందు ఆ వాదన నిలవదు. దీనివల్ల తేలేది కార్బన్ కోతకు మిగిలిన గడువు ఇంకా తక్కువని మాత్రమే.

మన దేశంలో మసక ఇచ్చే చల్లదనం, దానికి చెల్లించే మూల్యం అనే రెండు ఖాతాలూ ఇప్పటికే కనిపిస్తున్నాయి. కేంద్ర భూవిజ్ఞాన శాఖ 2020లో విడుదల చేసిన అంచనా ప్రకారం 1901 నుంచి 2018 దాకా దేశ సగటు ఉష్ణోగ్రత సుమారు 0.7 డిగ్రీలు పెరిగింది. ప్రపంచ సగటు పెరుగుదల అంతకంటే ఎక్కువ. మన దగ్గర తక్కువగా ఉండటంలో మసక పాత్ర కొంత ఉంది. కానీ ఆ నీడ ఉచితంగా రాలేదు. 1951 నుంచి 2015 మధ్య జూన్, సెప్టెంబరు నెలల నడుమ కురిసే వాన దేశం మొత్తం మీద సుమారు 6 శాతం తగ్గిందని, గంగా మైదానం, పశ్చిమ కనుమల్లో తగ్గుదల ఎక్కువని అదే నివేదిక చెప్పింది. ఋతుపవనాలకు ఇంధనం నేలకూ సముద్రానికీ మధ్య ఉండే వేడి తేడా. నేల మీద ఎండ తగ్గితే ఆ తేడా తగ్గుతుంది, సముద్రం నుంచి వచ్చే గాలి లాగుడు సడలుతుంది.

థర్మల్ ప్లాంట్ల నుంచి గంధకం వాయువును కడిగే ఎఫ్‌జీడీ యంత్రాలు తప్పనిసరి చేస్తూ 2015 డిసెంబరులో కేంద్రం పరిమితులు ప్రకటించింది. గడువులు పలుమార్లు జరిగాయి. 2025 జూలైలో మెజారిటీ ప్లాంట్లకు ఆ షరతు నుంచి మినహాయింపు ఇచ్చారు. ఖర్చు, బొగ్గులో గంధకం తక్కువన్న వాదన ఒకవైపు. గొట్టంలోంచి వాయువుగా వెళ్లిన గంధకం గాలిలో అమ్మోనియాతో కలిసి సన్నని కణంగా మారి వందల కిలోమీటర్లు పోతుందన్న వాదన ఇంకోవైపు. రెండోదాన్ని ప్లాంటు గేటు దగ్గరి కొలతలతో తేల్చలేం. గొట్టం దగ్గర అది ఇంకా కణమే కాదు. అది సల్ఫేటుగా మారి, తేమకు ఉబ్బి, ఆకాశాన్ని తెల్లబరిచేసరికి ఒకటి రెండు రోజులు గడుస్తాయి, ఒకటి రెండు రాష్ట్రాలూ దాటిపోతాయి. ఆ దారిలో విశాఖ, అనంతపురం లాంటి చోట్ల ఎండకు గురిపెట్టి కూర్చున్న పరికరాలకు అది ఒక చిన్న కోతగా, నీలంలో ఎక్కువగా, ఎరుపులో తక్కువగా నమోదవుతుంది.